రజిత తెచ్చిన రాయి

ఈ ఏడు కొత్తగా సైన్స్ టీచర్‌గా చేరిన ఒక అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. హుజూరాబాద్‌లో మా వాడలోనే పెరిగిన పిల్ల. పోస్టింగ్ మారుమూల బడికి పడింది. చాయ్ తాగుతూ అడిగింది. "మేడం, ల్యాబ్ లేదు, సామాన్లు లేవు. ఏదీ లేకుంట సైన్స్ ఎట్ల చెప్పాలె?"

ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో సైన్స్ చెప్పినదాన్ని. ట్రైనింగుల్లో విన్న మాటలన్నీ నోటికి వస్తాయి. అవి అప్పజెప్పి ఆ పిల్లను పంపించడానికి మనసు ఒప్పలేదు. అందుకే ఈ కాగితాలు రాస్తున్నాను.

ఇందులో నా ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్ల సంగతులు ఉండవు. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకటే. నేను నిజంగా నేర్చుకున్నదంతా దాదాపు ఒక్క పిల్ల దగ్గర, ఆ పిల్ల తండ్రి దగ్గర నేర్చుకున్నాను. అదీ నేను చేసిన ఒక తప్పు వల్ల.

తాళం వేసిన మైక్రోస్కోపు

ముందు ఆ తప్పుకు దారి తీసిన గర్వం ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

నా మొదటి బడి ఆసిఫాబాద్ దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో. అక్కడ ఒక మైక్రోస్కోపు ఉండేది. ఎర్రగుడ్డ చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. దసరాకు బయటికి తీసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ లోపల పెట్టేవాళ్లు. అప్పటి హెడ్‌మాస్టర్ మంచివాడే. కానీ పగిలితే తనను అడుగుతారని భయం. "పిల్లలు ముట్టుకుంటె ఖరాబైతది మేడం. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పున్రి, చాలు" అనేవాడు.

రెండేళ్లు బొమ్మ గీసే చెప్పాను. మూడో ఏడు ఒక రోజు ఆయన సెలవు పెట్టాడు. తాళంచెవి నా చేతికి వచ్చింది. మధ్యాహ్న భోజనం వండే ఆమెను అడిగి ఉల్లిగడ్డ తెచ్చాను. లోపలి పొర సన్నగా ఒలిచి, గాజుపలక మీద పరిచి, పిల్లల్ని వరసగా రమ్మన్నాను. ఒక అమ్మాయి ఎంతసేపటికీ కన్ను తీయదు. వెనకవాళ్లు తోస్తున్నారు. చివరికి తల ఎత్తి అడిగింది.

"టీచర్, గీ అర్రలల్ల ఎవరుంటరు?"

కణానికి ఇంగ్లీషులో ఉన్న పేరు చిన్న గది అనే అర్థం నుంచే వచ్చింది. మొట్టమొదట చెట్టు బెరడు ముక్కను మైక్రోస్కోపులోంచి చూసినాయనకు తోచిందీ, ఈ పిల్లకు తోచిందీ ఒకటే. ఎవరూ చెప్పకుండా, ఆ అడవి అంచున, ఒక ఉల్లిపొర మీద వంగి, ఆ పిల్ల అంత దూరం వెళ్లింది.

అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి నేను మంచి టీచర్‌ననే నమ్మకం నాలో గట్టిపడింది. తాళం తీసినదాన్ని కదా! ఆ నమ్మకం ఏళ్ల తరబడి పెరిగి, సరిగ్గా చూడాల్సిన రోజున నా కళ్లకు అడ్డం వచ్చింది.

చేతిలోకి తీసుకోకుండా

చాలా ఏళ్ల తర్వాత నస్పూర్ దగ్గర ఒక బడికి బదిలీ అయ్యాను. పిల్లల్లో సగానికి పైగా బొగ్గుగని కార్మికుల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు. అక్కడ గనిని బాయి అంటారు. "మీ బాపు ఏడి?" అంటే "బాయికి వోయిండు" అంటారు.

హెడ్‌మాస్టర్ వెంకటేశం సారు లెక్కల మనిషి. పదో తరగతి రిజల్టు తప్ప ఆయనకు ఇంకో ధ్యాస ఉన్నట్టు కనిపించేది కాదు. ఆయనకూ నాకూ పెద్దగా పడేది కాదు.

నేను అక్కడ చేరిన నాలుగో ఏడు సైన్స్ ఫేర్‌కు వస్తువులు ఎంపిక చేస్తున్నాను. ఎనిమిదో తరగతి గది థర్మోకోల్‌తో నిండిపోయింది. అగ్నిపర్వతాలు, సిరంజీలతో లేచే క్రేన్లు, రాకెట్లు. చివరి బెంచీలోంచి రజిత అనే అమ్మాయి లేచి వచ్చింది. ఎక్కువ మాట్లాడని పిల్ల. చున్నీలో చుట్టిన నల్లటి రాతిపలక ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఒక ఆకు బొమ్మ ఉంది. మధ్య ఈనె, పక్క ఈనెలు, అన్నీ తీరుగా ఉన్నాయి.

"మా బాపు తెచ్చిండు టీచర్. రాతిల ఆకున్నది."

నేను దూరం నుంచే చూశాను. అంత తీరుగా ఉండటమే నాకు అనుమానం తెప్పించింది. "గుండుసూదితో గీకినవా?" అన్నాను.

"లేదు టీచర్. గీకలే."

"అబద్ధం చెప్పకు. సైన్స్ ఫేర్‌ల అబద్ధాలు నడవయ్."

క్లాసంతా నవ్వింది. రజిత రాయిని మళ్లీ చున్నీలో చుట్టుకుని వెళ్లి కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బహుశా నేను ఆగేదాన్నేమో.

ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో దీన్నొక తమాషాలాగా చెప్పాను. అందరూ నవ్వారు. వెంకటేశం సారు మాత్రం చేతిలో రిజిస్టరు పక్కన పెట్టి అడిగాడు.

"గీకుతుంటె మీరు జూసిన్రా మేడం?"

"లేదు సార్. చూస్తెనే తెలుస్తది గద."

"చేతిల వట్టుకోని జూసిన్రా?"

జవాబు కోసం ఆగకుండా ఆయన మళ్లీ రిజిస్టరులోకి వంగాడు. నాకు కోపం వచ్చింది. లెక్కల సారు నాకు సైన్స్ చెప్తున్నాడా అనుకున్నాను. నిజంగా చెప్తున్నాడని అర్థం కావడానికి ఇంకో మూడు రోజులు పట్టింది.

గోనెసంచిలో రాళ్లు

మర్నాడు రజిత రాలేదు. ఆ మరునాడూ రాలేదు. దాచకుండా చెప్తాను, మొదటి రోజు నేను గమనించనే లేదు.

మూడో రోజు బడి విడిచే వేళకు ఒకాయన వరండాలోకి వచ్చాడు. భుజం మీద గోనెసంచి, చేతిలో సుత్తె, ఉలి. స్నానం చేసి వచ్చినా కళ్ల అంచున బొగ్గుపొడి కాటుకలా మిగిలి ఉంది. వెనక రజిత నిలబడి ఉంది.

"టీచరమ్మా, నేను రజిత బాపును. ఓదెలు నా పేరు. బాయిల టింబర్‌మన్ పని. పైకప్పు కూలకుంట దిమ్మెలు నిలవెడ్తం."

"చెప్పండి అన్నా" అన్నాను.

"బిడ్డ రెండు దినాల సంది సరింగ బువ్వ తింటలేదు. అందరి ముంగట అబద్ధమాడినవన్నరట. అబద్ధమాడితె నేనే గట్టిగ చెప్పుకుంట. ఆడకపోతె మరి?"

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను కొట్లాటకు రాలే. బాయి బయట పారవోసిన రాళ్లు ఏరుకొచ్చిన. మీ ముంగటనే పలగ్గొడ్త. జర జూడున్రి, గంతే."

వరండా మెట్ల మీద కూర్చుని మొదటి రాయి తీశాడు. అది పొరలు పొరలుగా ఉండే మట్టిరాయి. ఉలి అంచున పెట్టి ఒక్క దెబ్బ కొడితే పలకలా విడిపోయింది. లోపల ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. చప్పుడు విని వెంకటేశం సారు బయటికి వచ్చాడు. ఇళ్లకు వెళ్తున్న పిల్లలు ఆగారు.

"అన్నిట్ల ఉంటదా ఓదెలూ?" అని అడిగాడు సారు.

"ఉంటదో ఉండదో నాకు ఎర్కలేదు సారు. ఉంటె మాత్రం లోపల్నే ఉంటది. మనిషి చెయ్యి తాకని జాగల."

నాలుగు, ఐదు, ఆరు. ఆయన నుదుటి మీద చెమట. రజిత పెదవులు బిగించి చూస్తోంది. అప్పుడు నాలో ఒక విచిత్రం జరిగింది. ఆకు కనిపిస్తే నా మాట తప్పవుతుంది, పదిమందిలో నా పరువు పోతుంది. అయినా కనిపించాలి, కనిపించాలి అని మనసులో మొక్కుకుంటున్నాను.

ఏడో రాయి రెండుగా తెరుచుకుంది.

ఒక పలక మీద ఆకు ఉబ్బెత్తుగా ఉంది. రెండో పలక మీద అదే ఆకు గుంటగా ఉంది. నాలుకలాగా పొడుగ్గా, నడిమి ఈనెతో, పక్కన వలలాగా అల్లుకున్న సన్నటి నరాలతో. ఇప్పుడే కొమ్మ నుంచి రాలినట్టు ఉంది.

"ఉన్నది" అంది రజిత. అంతే.

ఓదెలు నా వైపు చూడలేదు. పలకను కూతురి చేతిలో పెట్టాడు. రజిత దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను వేలు పెట్టి తడిమాను. ఈనె వేలికి తగిలింది.

"ఇది ఎవరు గీకిన్రు టీచరమ్మా?" అని అడిగాడు ఓదెలు. నన్ను ఎత్తిపొడవడానికి కాదు. ఆయనకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. "ఇరవై ఏండ్ల సంది జూస్తున్న. రాతి లోపలికి ఆకు ఎట్ల వోయింది? నన్నెవ్వరు అడగలే, నేనెవ్వర్ని అడగలే. మీరు చదువుకున్నోళ్లు గద, చెప్పున్రి."

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఏటా చెప్పేదాన్ని. చెట్లు భూమిలో కూరుకుపోయి, ఒత్తిడికీ వేడికీ బొగ్గుగా మారతాయి. ఒక మార్కు ప్రశ్న. బొగ్గు మీద కట్టిన ఊళ్లో, బొగ్గు తవ్వేవాళ్ల పిల్లలకు ఆ వాక్యం ఏళ్ల తరబడి చెప్పాను. అందులో చెట్లు అనే మాటను నేను ఒక్కనాడూ నమ్మలేదని ఆ మెట్ల మీద నాకు తెలిసింది.

మర్నాడు పొద్దున ఎనిమిదో తరగతిలో రజితను ముందుకు పిలిచాను. "రజిత అబద్ధం చెప్పలేదు. నేనే చూడకుంట మాటన్న. తప్పు నాది" అన్నాను. క్లాసు బిత్తరపోయింది. టీచర్ తప్పు ఒప్పుకుంటే పిల్లల దగ్గర చులకనైపోతుందని నాకు సీనియర్లు చెప్పారు. అది తప్పుడు సలహా. ఆ రోజు తర్వాత పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు పెరిగాయి, తగ్గలేదు.

ఓదెలు చెప్పిన పాఠం

ఓదెలును క్లాసుకు పిలుద్దామని వెంకటేశం సారును అడిగాను. సిలబస్ వెనకబడుతుందంటాడని సిద్ధపడే వెళ్లాను. "నా లెక్కల పీరియడ్ తీసుకోన్రి" అన్నాడు. మనుషుల మీద కూడా నేను చూడకుండానే తీర్పులు చెప్పుకున్నానని అప్పుడు తెలిసింది.

ఓదెలు మొదట ఒప్పుకోలేదు. "నేను ఆరో తరగతి తప్పినోన్ని. సదువుకునే పిల్లలకు నేనేం జెప్త?" అన్నాడు. రజితే లాక్కొచ్చింది.

వచ్చి బ్లాక్‌బోర్డు ముందు నిలబడి కాసేపు చేతులు నలుపుకున్నాడు. తర్వాత ఒక కర్ర అడిగి, గోడ మీద తట్టాడు. "పిల్లలూ, బాయిల మాకు అన్నిటికన్న ముందు చెవులు గావాలె. బొగ్గు తీసినంక పైకప్పును గిట్ల తట్టి జూస్తం. టంగున మోగితె గట్టిగున్నది, కింద నిలవడొచ్చు. దబ్బుమంటె పొర ఊడింది. గప్పుడు ఎనకకు రావాలె."

గోడంతా తట్టుకుంటూ వెళ్లి, కిటికీ పక్కన ఆగాడు. "ఇనున్రి. గీడ గచ్చు లేసింది." నిజమే. అక్కడ చప్పుడు పూర్తిగా వేరుగా ఉంది. పిల్లలు స్కేళ్లు తీసుకుని గది నాలుగు గోడలూ తట్టారు. గచ్చు లేచిన చోట్లు ఇంకో మూడు కనిపెట్టారు. ధ్వని పాఠం నేను అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. మా బాపు గుర్తొచ్చాడు. నేత పని చేసేవాడు. వరసగా సాంచాలు మోగుతుంటే, ఇంకో గదిలో ఉండి కూడా ఏ మగ్గం మీద పోగు తెగిందో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఆయనదీ చదువేనని నేను అప్పటిదాకా అనుకోలేదు.

ఒక పిల్లవాడు అడిగాడు. "రాళ్లల్ల ఆకులు ఎన్నుంటయ్?"

ఓదెలు నవ్వాడు. "రాళ్లల్లనా? ఒక్కో జాగల లైటు పైకి వెడ్తె కప్పంత ఆకులే బిడ్డా. మోదుగుచెట్టు కింద నిలవడి పైకి జూసినట్టుంటది. గా కిందనే కూసోని మేం సద్ది తింటం."

ఆ పిల్లల్లో చాలామంది తండ్రులు రోజూ అక్కడికే దిగుతారు. ఏ ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

ఎవరూ చూడని ఆకు

మంచిర్యాలలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ ఒకాయన ఉన్నాడని విని, రజిత రాయినీ ఏడో రాయినీ పట్టుకెళ్లాను. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఇరవై ఐదు కోట్ల ఏళ్లకు పైబడిన ఆకు అన్నాడు. ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ ధ్రువం మంచు కింద రాళ్లలో కూడా దొరుకుతుందట. అప్పుడు ఆ నేలలన్నీ మన నేలతో కలిసి ఒకే గడ్డగా ఉండేవట.

తిరిగి వచ్చే బస్సులో ఆ రాళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటామె "ఏంది గవి?" అని అడిగితే "ఆకులు" అన్నాను.

క్లాసులో ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఈ ఆకు పచ్చగా ఉన్నప్పుడు భూమి మీద పువ్వు లేదు. గడ్డి లేదు. పిట్ట లేదు. రాక్షసబల్లులు కూడా ఇంకా రాలేదు. మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు.

రజిత చెయ్యి ఎత్తింది.

"అయితె టీచర్, గా ఆకును ఎవ్వరు జూడలేదా?"

"ఎవ్వరు చూడలే."

"అంటె మొట్టమొదలు జూసింది మా బాపేనా?"

నేను ఆలోచించాను. ఎటు తిప్పి చూసినా జవాబు ఒకటే. "అవును. ఆ ఆకును మొదలు చూసిన మనిషి మీ బాపే."

రాయి సైన్స్ ఫేర్‌కు వెళ్లింది. బహుమతి రాలేదు. "మోడల్ ఏది? పనిచేసేది ఏది?" అన్నారు జడ్జీలు. కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడొక మాట. బహుమతుల కోసం పిల్లల చేత థర్మోకోల్ కోయించకండి. చూడటం నేర్పించండి. చూసింది చెప్పే ధైర్యం ఇవ్వండి. అంతకు మించి మన చేతిలో ఏమీ లేదు.

బాయిలోకి

ఆ బాయి ఇప్పుడు మూతపడింది. ఓదెలు రిటైరై ఊళ్లో పొలం చూసుకుంటున్నాడు. రజిత పెద్ద చదువులకు వెళ్లింది, ఏదో పెద్ద పేరు తెచ్చుకుంది అని రాస్తే బాగుండేది. అట్లా జరగలేదు. ఆమె నర్సు, మంచి నర్సు అని విన్నాను. పిల్లలు మనం చూపించిన దారిలోనే నడవాలని కోరుకోవడం కూడా ఒక రకం గర్వమే.

ఇంకొకటి చెప్పాలి, అదీ ఆ ఏటిదే. ఓదెలు మాట విన్నప్పటి నుంచి ఆ ఆకుల కప్పు నన్ను కూర్చోనివ్వలేదు. ఒకసారి చూడకుండా నమ్మలేదు, ఇప్పుడు చూడకుండా నమ్ముతున్నాను. రెండూ ఒకటే కదా అనిపించింది. వెంకటేశం సారు స్వయంగా ఉత్తరం రాసి, గని అధికారుల చుట్టూ నాలుగుసార్లు తిరిగి అనుమతి తెచ్చాడు. పిల్లల్ని దింపడానికి వీల్లేదన్నారు. మా ఇద్దరినీ రానిచ్చారు.

నెత్తిన టోపీ, దానికి లైటు, నడుముకు బ్యాటరీ కట్టారు. ఒక అధికారి ముందు, ఓదెలు మా వెనక. ఏటవాలు దారిలో చాలాసేపు దిగాము. గాలి బరువెక్కింది. కాళ్ల కింద తడి. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. భయం వేసింది, దాచడమెందుకు. ఒక మలుపు దగ్గర ఓదెలు మమ్మల్ని ఆపి, కర్రతో కప్పు తట్టాడు. టంగుమంది. "గీడ నిలవడున్రి. ఇగ పైకి జూడున్రి" అన్నాడు.

తల ఎత్తాను. లైటు కప్పు మీద పడింది.

ఆకులు. ఒకదాని మీద ఒకటి, అడ్డంగా, నిలువుగా, సగం విరిగినవి, చుట్టుకుపోయినవి, నిండుగా పరుచుకున్నవి. లైటు ఎటు తిప్పితే అటు ఆకులే. ఏదో ఒక కాలంలో ఒక అడవి కింద నేల మీద రాలిన ఆకులు అవి. ఇప్పుడు మేము ఆ నేలకు కింద నిలబడి, దాన్ని అడుగు నుంచి చూస్తున్నాము. నల్లటి ఆకాశంలా ఉంది. మెడ నొప్పి పుట్టినా తల దించబుద్ధి కాలేదు.

పక్కన వెంకటేశం సారు పెదవులు కదులుతున్నాయి. ఏమిటా అని చూస్తే, లెక్కపెడుతున్నాడు. కొంతసేపటికి ఆపేశాడు. గుళ్లోకి వచ్చినట్టు చెయ్యి టోపీ మీదికి వెళ్లింది, తీయకూడదని చెప్పారు కాబట్టి ఊరికే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు క్లాసుకు వెళ్లాను. నేను ఏం చెప్తానా అని పిల్లలు ఎదురుచూస్తున్నారు. చాక్‌పీసు పట్టుకున్నాను, బొమ్మ గీయలేకపోయాను. అందరికంటే వెనక నుంచి రజిత లేచింది. కొంచెం బెదురుగా, కానీ తెలుసుకుని తీరాలన్నట్టు అడిగింది.

"టీచర్, మా బాపు చెప్పిండు గద, కప్పంత ఆకులని. జర ఎక్కువ జేసి చెప్పిండా?"

"లేదు బిడ్డా" అన్నాను. "తక్కువ జేసి చెప్పిండు."